కాంటా దగ్గర ఆగిన పంట

తెలంగాణలో యాసంగి వరి అందరికంటే ముందు కోతకొచ్చే ప్రాంతాల్లో నిజాంసాగర్ ఆయకట్టు ఒకటి. బోధన్, కోటగిరి, వర్ని, రుద్రూర్ మండలాల్లో సంక్రాంతి రాకముందే చాలావరకు నాట్లు పడతాయి. మార్చి ఆఖరుకల్లా కోత మిషన్లు మళ్లలో దిగుతాయి. వేరే జిల్లాల్లో వరి ఇంకా పచ్చగా ఉన్న రోజుల్లో ఇక్కడ రోడ్ల పక్కన వడ్లు ఆరుతుంటాయి. ముందు కోస్తే ఏప్రిల్ వడగళ్లు తప్పుతాయని, మిల్లుల దగ్గర రద్దీ పెరగకముందే అమ్ముకోవచ్చని రైతులు వేసుకున్న లెక్క అది. 2020లో ఆ లెక్కే తిరగబడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన, 25 నుంచి దేశమంతా మూత. కోటగిరి రైతు మిషన్‌కు అడ్వాన్సు ఇచ్చుకునే వారంలోనే లారీ, మార్కెట్, కూలి అన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి.

కరోనా గురించి మనం రాసుకున్నదంతా ఎక్కువగా ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. అది న్యాయమే, పోయినవి ప్రాణాలు. కానీ అన్నం పండించే ఊళ్లలో ఆ రెండేళ్లు ఎవరు నిలబడ్డారు, ఎవరు పడిపోయారు అన్నది ఎవరూ కూర్చుని చూసుకోలేదు. ఒక జాతీయ లెక్క మాత్రం అందరికీ గుర్తుంది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ జీడీపీ 23.9 శాతం పడిపోతే వ్యవసాయం 3.4 శాతం పెరిగింది. ఆ అంకెను చూపించి రైతుకు కరోనా తగల్లేదన్నవాళ్లు ఢిల్లీలోనూ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. పంట పెరగడం వేరు, పండించినవాడి చేతికి డబ్బు రావడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలియాలంటే కోటగిరి లాంటి మండలాన్ని చూడాలి.

వైరస్ వరి చేనును ఏమీ చేయదు. మడి నుంచి కంచం దాకా వడ్లు ఎన్ని చేతులు మారుతాయో ఆ చేతులను ఆపుతుంది. మొదట ఆగింది కోత. కేంద్ర హోంశాఖ మార్చి 24న ఇచ్చిన మార్గదర్శకాల్లో పొలం పనులకు స్పష్టమైన మినహాయింపు లేదు. రైతులు, కూలీలు, కొనుగోలు సంస్థలు, మార్కెట్ యార్డులు, రాష్ట్రాల సరిహద్దు దాటే కోత యంత్రాలకు అనుమతినిస్తూ సవరణ వచ్చింది 27న. మూడు రోజులే కదా అనిపించవచ్చు. అయితే ఢిల్లీలో సంతకమైన కాగితం మహారాష్ట్ర సరిహద్దులోని సాలూర చెక్‌పోస్టు దాకా చేరి, అక్కడ నిలబడ్డ పోలీసుకు అర్థమై, గేటు లేవాలి. కోత మిషన్లు, వాటిని నడిపే డ్రైవర్లు చాలావరకు బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు. మిషన్ దొరికినా బెల్టు తెగితే, బ్లేడు విరిగితే విడిభాగాల దుకాణం తెరిచి ఉండదు, మెకానిక్ గడప దాటలేడు. నిజామాబాద్ నగరమైతే అప్పటికే వేరే భయంలో ఉంది. రాష్ట్రంలో ఏప్రిల్ తొలి వారాల్లో ఎక్కువ కేసులు బయటపడ్డ చోట్లలో అదొకటి. వీధులకు వీధులే కంటైన్‌మెంట్ జోన్లయ్యాయి. ప్రభుత్వం మిషన్లకు, మెకానిక్‌లకు పాసులిచ్చాక కోతలు ఎలాగో సాగాయి.

అసలు చిక్కు కల్లం దగ్గర మొదలైంది. వడ్లకు బార్దాన్ కావాలి. గోనె సంచులు తయారయ్యేది ఎక్కువగా బెంగాల్ జూట్ మిల్లుల్లో. అవి మూతపడ్డాయి. పంజాబ్, హర్యానా, తెలంగాణ అడగ్గా, ఏప్రిల్ నడుమ 15 శాతం కార్మికులతో మిల్లులు నడపడానికి బెంగాల్ ఒప్పుకుంది. ఆలోపు ఇక్కడ రేషన్ దుకాణాల్లో ఖాళీ అయిన పాత సంచుల కోసం వెతుకులాట. కాంటా ఉంది, వడ్లు ఉన్నాయి, సంచి లేదు. రైతు కుప్ప దగ్గరే పడుకున్నాడు. అకాల వాన వచ్చిన రాత్రి టార్పాలిన్ ఉన్నవాడి కుప్ప తడవలేదు, లేనివాడి వడ్లు మొలకెత్తాయి.

సంచి దొరికాక మోసేవాడు లేడు. మన రైస్ మిల్లుల్లో లారీ దించే హమాలీలు చాలామంది బీహార్ వాళ్లు. ఆ మార్చిలో హోళీకి ఇళ్లకు వెళ్లినవాళ్లు లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుకున్నారు. లారీ మిల్లు ముందు నిలబడితే దిగుమతి కాదు, దిగుమతి కాకపోతే ఆ లారీ సెంటర్‌కు తిరిగి రాదు, లారీ రాకపోతే కాంటా అయిన సంచులు కూడా ఎండలోనే. 2020 మే 1న దేశంలోనే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో వెళ్లింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లి స్టేషన్లో ఆగింది. రైస్ మిల్లుల్లో సంచులు దించడానికి వాళ్లను ప్రభుత్వమే పిలిపించుకుంది. అప్పటి పౌరసరఫరాల మంత్రి గంగుల కమలాకర్ స్టేషన్‌కు వెళ్లి స్వాగతం చెప్పారు. దేశమంతా కూలీలు సొంతూళ్లకు నడిచిపోతుంటే, కూలీలకు ఎదురెళ్లి పూలిచ్చిన దృశ్యం అది. మన అన్నం ఎవరి భుజాల మీద నడుస్తోందో ఆ ఒక్క రైలు చెప్పినంతగా ఏ నివేదికా చెప్పలేదు. ఆ భుజాలకు ఈ జిల్లాలో ఓటు లేదు, చాలామందికి అప్పట్లో ఇక్కడ రేషన్ కార్డూ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ యాసంగిలో రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం లేకపోతే నిజామాబాద్ జిల్లా రైతు మునిగిపోయేవాడు. మార్కెట్ యార్డులకు జనం గుమిగూడకుండా ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టి, పండిన ప్రతి గింజా కొంటామని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. సొసైటీలు, ఐకేపీ మహిళా సంఘాలు టోకెన్లిచ్చి కాంటాలు పెట్టాయి. ఏ గ్రేడ్ వడ్లకు క్వింటాకు 1,835 రూపాయల మద్దతు ధర. సీజను ముగిసేసరికి దాదాపు 64 లక్షల టన్నులు కొన్నారు. అంతకుముందు ఏ యాసంగిలోనూ అంత లేదు. మే నెలాఖరుకు దేశంలో సేకరించిన యాసంగి వడ్లు 83 లక్షల టన్నులైతే, అందులో 52 లక్షల టన్నులు ఒక్క తెలంగాణవేనని భారత ఆహార సంస్థే చెప్పింది. మూతి గుడ్డ కట్టుకుని, భయాన్ని దిగమింగి ఎండలో కాంటాల దగ్గర నిలబడ్డ సంఘం అక్కాచెల్లెళ్లను ఎవరూ కరోనా యోధులని సన్మానించలేదు. చేసి ఉండాల్సింది.

కొన్నారన్నది నిజం. ఎలా కొన్నారన్నదీ చెప్పుకోవాలి. నిజామాబాద్ రైతు నోట ఎప్పుడూ ఉండే మాట కడ్తా. తాలు ఉందని, తేమ ఉందని, మట్టి ఉందని సంచికి ఇంత చొప్పున తూకంలో కోసేయడం. నిబంధన ప్రకారం 17 శాతం లోపు తేమ ఉన్న వడ్లను తూచినంతకు తూచి కొనాలి. ఆ ఏప్రిల్, మే నెలల్లో కడ్తా మీద రాష్ట్రమంతటా రైతులు రోడ్డెక్కారు, కొన్నిచోట్ల వడ్లకు నిప్పు పెట్టారు. లెక్క వేసి చూద్దాం. 40 కిలోల సంచికి రెండు కిలోలు ఎక్కువ తూస్తే క్వింటాకు ఐదు కిలోలు పోయినట్టు. 1,835 రూపాయల ధరకు అది 92 రూపాయల దాకా అవుతుంది. ఎకరానికి 25 క్వింటాళ్లు పండించిన రైతుకు దాదాపు 2,300 రూపాయలు గాలికి పోయినట్టే. నాలుగెకరాలకు తొమ్మిది వేలు దాటుతుంది. ఆ సీజనులో ప్రభుత్వం ఎకరానికి రైతుబంధు కింద ఇచ్చింది 5,000. ఒక చేత్తో ఇచ్చినదాంట్లో దాదాపు సగం కాంటా దగ్గర ఇంకో చెయ్యి తీసుకుంది. మామూలు రోజుల్లో రైతుకు ఇంకో దారి ఉంటుంది: ఈ మిల్లు వద్దనుకుంటే ఆ మిల్లు, ఊళ్లోకొచ్చే వ్యాపారి, సరిహద్దు అవతల ధర్మాబాద్, బిలోలి. దారులన్నీ మూసుకున్నప్పుడు మిగిలిన ఒక్క వాకిలి దగ్గర నిలబడ్డవాడు ఎంత చెబితే అంత. మహమ్మారి కాలంలో బేరమాడే శక్తి ఇలాగే పోతుంది. కడ్తా కరోనాకు ముందూ ఉంది, తర్వాతా ఉంది. కరోనా దానికి అడ్డు లేకుండా చేసింది.

ఈ మాత్రం దెబ్బ కూడా పట్టా ఉన్న రైతుకు. కౌలుదారు సంగతి వేరు.

మంజీర నది పక్క ఊళ్లలో, వలస వచ్చిన రైతుల క్యాంపుల్లో కౌలు సేద్యం కొత్త కాదు. నిజాంసాగర్ కాల్వ వచ్చిన తర్వాత కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు, వాళ్ల పిల్లలు చదువులకని నగరాలకు వెళ్లిపోయాక స్థానికంగా కౌలుకు తీసుకున్నవాళ్లు, గల్ఫ్‌కు పోయిన అన్నదమ్ముల భూమి చేస్తున్నవాళ్లు, ఇలా ఎన్నో రకాలు. కొనుగోలు కేంద్రంలో అడిగేది పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా. కౌలు రైతు వడ్లు భూమి యజమాని పేరు మీద తూగాయి, డబ్బు యజమాని ఖాతాలో పడింది. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, లాక్‌డౌన్‌లో ఆ డబ్బు చేతికి రావడానికి పట్టిన కాలానికి వడ్డీ కట్టింది కౌలుదారే. రైతుబంధు కూడా పట్టాదారుకే. వాన వచ్చి వడ్లు తడిస్తే నష్టం మాత్రం సాగు చేసినవాడిది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని పక్కన పెట్టేశారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి కార్డులిచ్చింది. దానిలో లోపాలు లేవని కాదు, యజమాని సంతకం కోసం అక్కడా తిరగాల్సిందే. అయినా సాగు చేసేవాడు ఉన్నాడని ఆ కాగితం ఒప్పుకుంటుంది. మన దగ్గర అంతమాత్రమూ లేదు.

రెండో వేవ్ వచ్చేసరికి ఈ లోటు ప్రాణాల మీదికి వచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో వైరస్ పట్నం దాటి పల్లెల్లోకి వచ్చింది. మహారాష్ట్రలో కేసులు పోటెత్తిన కాలమది. బోధన్ డివిజన్‌కు నాందేడ్ జిల్లా కంచె అవతలి చేను. పెళ్లిళ్లకు వెళ్లొచ్చినవాళ్లకు, కొనుగోలు కేంద్రాల దగ్గర రాత్రుళ్లు కాపలా పడుకున్నవాళ్లకు జ్వరాలు. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, ఉదయం పది గంటల దాకే సడలింపు, వడ్లేమో కల్లాల మీద. రైతు చనిపోతే రైతుబీమా కింద ఐదు లక్షలు వస్తాయి. దేశంలో చెప్పుకోదగ్గ పథకం అది. అయితే దానికి పట్టా ఉండాలి, వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. కరోనా ఎక్కువగా తీసుకెళ్లింది అరవై దాటినవాళ్లను. ఊళ్లలో పట్టా ఎవరి పేరు మీద ఉంటుంది? చాలా ఇళ్లలో పెద్దాయన పేరు మీదే. అరవై దాటాడు కనుక ఆయనకు బీమా లేదు, పట్టా లేదు కనుక సేద్యం చేసే కొడుక్కూ లేదు. సుప్రీంకోర్టు జోక్యంతో వచ్చిన 50 వేల పరిహారానికి పాజిటివ్ అని చెప్పే కాగితం కావాలి. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఇంట్లోనే పోయినవాళ్ల దగ్గర అదెక్కడుంటుంది?

వ్యవసాయం పెరిగిందని చెప్పిన అంకెలో కూలి మనిషి కనిపించదు. వరి కోత మిషన్‌ పాలయ్యాక ఆడవాళ్లకు మిగిలిన పని నాట్లు, కలుపు, ఆర్మూరు వైపు పసుపు తవ్వకం. ఈ జిల్లాలో వాళ్లకు రెండో ఆధారం బీడీ. లాక్‌డౌన్‌లో బీడీ కంపెనీలు మూతపడ్డాయి. ఆకు ఇచ్చేవాడు లేడు, కట్టలు తీసుకునేవాడు లేడు. ప్రభుత్వమిచ్చే 2,016 రూపాయల జీవనభృతి పీఎఫ్ ఉన్నవాళ్లకే, అదీ 2014 నాటికి నమోదైనవాళ్లకే. మిగిలినవాళ్లు ఎండాకాలమంతా ఉపాధి హామీ మట్టి పనికి వెళ్లారు. ఆ ఏప్రిల్ నుంచి తెలంగాణలో ఉపాధి కూలి రోజుకు 237 రూపాయలు. కొలత ప్రకారం చేతికొచ్చేది చాలాసార్లు అంతకంటే తక్కువ. 2020-21లో దేశంలో ఉపాధి హామీ కింద 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. పథకం మొదలయ్యాక అంతకుముందెప్పుడూ అంత లేదు. ఆ అంకెను ప్రభుత్వ విజయంగా చెప్పుకున్నారు. వేరే పనేదీ లేక జనం ఎంతగా పడిపోయారో చెప్పే అంకెగా నేను దాన్ని చదువుతాను. గల్ఫ్ నుంచి ఉద్యోగాలు పోయి తిరిగొచ్చిన యువకులు కూడా ఆ మట్టి పనుల్లో చేరారు. దుబాయ్ పైసలతో ఎరువులు, కైకిళ్లు గడిచే ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. ఆ పైసలు ఆగినచోట వానాకాలం పెట్టుబడికి బంగారం బ్యాంకు మెట్లెక్కింది.

తిండికి కొరత వచ్చిందా అంటే, ధాన్యానికి రాలేదు. 2020 ఏప్రిల్ 1 నాటికి కేంద్రం గోదాముల్లో బియ్యం, వడ్లు, గోధుమలు కలిపి 7 కోట్ల టన్నులు దాటి ఉన్నాయి. ఆ తేదీకి ఉండాల్సిన నిల్వ 2.1 కోట్ల టన్నులే. తెల్లకార్డు ఉన్న కుటుంబాల్లో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు రాష్ట్రం ఇచ్చింది. కార్డున్నవాడు తిన్నాడు. ఆకలి పడింది కార్డు లేనివాడు. ఆర్మూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఉత్తరాదికి నడిచిపోయిన కూలీలకు నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల ఊరివాళ్లే అన్నం పెట్టారు, నీళ్లిచ్చారు. తిండి లేక కాదు, తిండి మీద హక్కు చేజారి మనుషులు ఆకలితో పోతారని 1943 బెంగాల్ కరువును చూపించి అమర్త్యసేన్ 1981లోనే రాశారు. గోదాం నిండి ఉండగా రోడ్డు మీద ఆకలి నడవడం ఆ మాటకు మన కళ్లముందు జరిగిన రుజువు.

వరి కాని పంటల సంగతి ఇంకా హీనం. వైరస్ మన ఊళ్లకు రాకముందే పుకారు వచ్చింది. కోడి తింటే కరోనా అన్న ప్రచారంతో ఫిబ్రవరిలోనే చికెన్ కొనేవాడు లేకుండా పోయాడు. ఆ నెలాఖరున హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించినా భయం పోలేదు. కోళ్లఫారాలు ఖాళీ అయితే మక్కలు ఎవరికి? దాణా కొనుగోళ్లు పడిపోయి మక్క ధర మద్దతు ధర 1,760 కిందికి జారింది. ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. పసుపుకు ఆ దిక్కూ లేదు, దానికి మద్దతు ధరే లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నిజామాబాద్ యార్డుకు పసుపు సీజను. మార్చి ఆఖరున యార్డు మూతపడింది. ఇక్కడ ధర నచ్చకపోతే రైతులు సాంగ్లీకి తీసుకెళ్లేవాళ్లు. సరిహద్దు మూసేశాక సాంగ్లీ లేదు. అంతకుముందు ఏడాది, 2019 లోక్‌సభ ఎన్నికల్లో, పసుపు బోర్డు కోసం, ధర కోసం నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. అంత గొంతెత్తిన రైతులే మరుసటి ఏడాది ఉడకబెట్టిన పసుపును ఇంట్లో పెట్టుకుని యార్డు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూశారు. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది. యార్డు మూతపడ్డ రోజుల్లో పసుపు ఎవరు కొంటారన్న దానికి బోర్డు దగ్గర ఒక జవాబు ఉండాలి. అది ఇంకా వినబడలేదు.

ఇక్కడే చెరకు గుర్తుకొస్తుంది. ఈ నేలను చెరకు సీమ అనే రోజులు పోయి చాలా కాలమైంది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. సొంతంగా వేల ఎకరాల చెరకు తోటలుండేవి. రుద్రూర్‌లో చెరకు పరిశోధన కేంద్రం ఉంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ ప్రకటించి తాళం వేశారు. సారంగాపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. చెరకు వేసిన భూముల్లో వరి వచ్చింది. ఫ్యాక్టరీ ఉంటే కరోనా కష్టాలు ఉండేవి కావని నేను అనను. బాకీలు, నరుకుడు కూలీల కొరత, పర్మిట్ల తిప్పలు చెరకు రైతుకు ఎప్పుడూ ఉన్నవే, ఆ నరికేవాళ్లు వచ్చేది కూడా ఎక్కువగా మహారాష్ట్ర నుంచే. కానీ ఒక ప్రాంతంలో రెండు మూడు పంటలు, ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు ఉంటే, ఒక దారి మూసుకున్నప్పుడు ఇంకో దారి ఉంటుంది. 2020 నాటికి కోటగిరికి మిగిలింది యాసంగికి ఒక్క పంట, దానికి ఒక్క కొనుగోలుదారు. ఆ కొనుగోలుదారు మంచి మనసుతో ఉన్నంతకాలం బాగానే ఉంది.

మనసు మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ప్రభుత్వం కొంటుందన్న ధీమాతో 2021 యాసంగిలో వరి ఇంకా పెరిగింది; సేకరణ 90 లక్షల టన్నులు దాటింది. యాసంగి వడ్లు ఎండకు నూకవుతాయి, అందుకే ఉప్పుడు బియ్యం పడతారు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం తేల్చింది. తర్వాతి యాసంగిలో కొనుగోలు కేంద్రాలు పెట్టబోమని, వరి వేయవద్దని రాష్ట్రం చెప్పింది. రెండు ప్రభుత్వాలూ ధర్నాలు, ఎదురు ధర్నాలు చేసుకుంటుండగా, 2022 ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యాక గానీ కొంటామన్న మాట రాలేదు. అప్పటికే కోటగిరి, వర్ని, బోధన్ మండలాల్లో ముందుగా కోసినవాళ్లు ప్రైవేటు వ్యాపారికి మద్దతు ధర 1,960కి చాలా తక్కువకు అమ్ముకున్నారు. మహమ్మారిలో ఆదుకున్న ఏర్పాటే రెండేళ్లు తిరక్కుండా రైతు మెడకు చుట్టుకుంది.

వందేళ్ల కింద ఇదే నేల మీద ఇంకో మహమ్మారి నడిచింది. 1918లో వానలు తప్పాయి, అదే శరత్కాలంలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. వానాకాలం కోత, యాసంగి విత్తు కలిసే రోజులవి. దేశంలో కోటికి పైగా మరణాలని అంచనాలు. హైదరాబాద్ సంస్థానం జనాభా 1911లో 1 కోటి 33 లక్షలుంటే 1921లో 1 కోటి 24 లక్షలకు తగ్గింది. కరువు, ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా అన్నీ ఆ తరుగుదలలో ఉన్నాయి. నిజాంసాగర్ నిర్మాణం మొదలైంది ఆ తర్వాత, 1923లో. ఆ ఇన్‌ఫ్లుయెంజా మీద ఆర్థికవేత్తల మధ్య ఒక పెద్ద వాదం నడిచింది. పేద దేశాల సేద్యంలో అవసరానికి మించి మనుషులున్నారని, కొందరు పోయినా పంట తగ్గదని అప్పట్లో ఒక సిద్ధాంతం. అది తప్పని, 1918 తర్వాత భారతదేశంలో సాగు విస్తీర్ణం తగ్గడమే రుజువని థియోడర్ షుల్జ్ 1964లో రాశారు. ఆ రుజువు నిలవదని అమర్త్యసేన్ వాదించారు. వాళ్లిద్దరిలో ఎవరిది సరైనదన్నది పండితులు తేల్చుకోవచ్చు. ఊరి వైపు నుంచి చూస్తే 2020 చెప్పింది ఇది: సేద్యంలో ఏ పని మిగులు కాదు. ఖగడియా హమాలీ ఇంట్లో కూర్చుంటే కోటగిరి వడ్లు కదల్లేదు. 2014లో సియెర్రా లియోన్, లైబీరియాల్లో ఎబోలా వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ధాన్యం ఎక్కువ పండే జిల్లాల్లోనే వ్యాధి ముందు పడింది; కలిసి పని చేసే కూలీ గుంపులు విడిపోయాయి, సంతలు మూతపడ్డాయి, పండిన చోట ధర పడిపోయింది, పట్నంలో పెరిగింది.

మళ్లీ ఒక మహమ్మారి వస్తే, దానికి ఈ చెరకు సీమ సిద్ధంగా ఉందా? నాకు కనిపించినంతవరకు లేదు. 2020 తర్వాత ఉపాధి హామీ నిధులతో రైతుల పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టించారు. వడ్లు ఆరబోసుకుని, సెంటర్ తెరిచేదాకా ఆగడానికి చిన్న రైతుకు అంతకు మించిన ఆసరా లేదు. ఆ కల్లాలు నిబంధనలకు విరుద్ధమంటూ 2022లో కేంద్రం 151 కోట్లు వెనక్కి కట్టమంది. చేపలు ఆరబెట్టుకునే కల్లాలకు ఒప్పుకుని వడ్ల కల్లాలకు కాదనడం ఏం న్యాయం? కల్లాల పని అక్కడితో చల్లబడింది. కేంద్రం అభ్యంతరం తప్పు, దాన్ని దిద్దాలి. కౌలుదారు సంగతి ఇంకా అక్కడే ఉంది. 2025 జనవరిలో, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలకు పెరిగింది, భూమిలేని కూలీ కుటుంబాలకు ఆత్మీయ భరోసా కింద 12 వేలు ప్రకటించారు. ఎన్నికల్లో హామీ పొందిన కౌలు రైతు మాత్రం ఈ రెంటిలోనూ లేడు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ తెరవడానికి 2024లో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. చిమ్నీ నుంచి పొగ వస్తే సంతోషమే, కానీ చెరకు వేయమని రైతును అడిగే ముందు బకాయిల చరిత్రకు జవాబు చెప్పాలి.

పెద్ద పనులకు కాలం పడుతుంది. చిన్న పనులకు పట్టదు. సెంటర్‌లో ఒకసారి తేమ చూసి కాంటా వేసి తక్‌పట్టీ (తూకం చీటీ) ఇచ్చాక, మిల్లు దగ్గర మళ్లీ తరుగు తీయకూడదు. తీస్తే ఆ లోటు సెంటరుదీ మిల్లుదీ కావాలి, రైతుది కాకూడదు. బీహార్, మహారాష్ట్ర నుంచి వచ్చే హమాలీలు, నాట్ల కూలీల పేర్లు మండలంలో నమోదు చేసి ఇక్కడి రేషన్ దుకాణంలోనే బియ్యం ఇవ్వాలి. ఒకే దేశం ఒకే రేషన్ ఏర్పాటు ఉన్నా అది తమకుందని తెలిసినవాళ్లు తక్కువ. రైతుబీమా వయోపరిమితిని అరవై దాటించాలి. అన్నిటికంటే ముందు, కొనుగోలు కేంద్రం రిజిస్టర్లో పట్టాదారు పేరు పక్కన సాగుదారు పేరు రాసి, డబ్బు సాగుదారు ఖాతాలో వేయాలి. పంట వివరాలు నమోదు చేసే వ్యవసాయ విస్తరణాధికారికి ఏ మడి ఎవరు చేస్తున్నారో తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉన్నది ప్రభుత్వ రికార్డు ఒక్కటే. వచ్చే యాసంగి సెంటర్లు తెరిచే ముందే ఆ ఒక్క గడి రిజిస్టర్లో చేర్చాలని పౌరసరఫరాల శాఖను, నిజామాబాద్ జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.